తుపాకీ సంగతి సరే, ఆ ఇద్దరి స్నేహం మాటేమిటి? ("థెల్మా అండ్ లూయీస్" మీద చర్చ)

సిరిపురం చదువరి (శనివారం, రాత్రి 10.20)

గత ఆదివారం మా ఇంట్లో నలుగురు స్నేహితురాళ్ళం కూర్చుని, రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 1991లో వచ్చిన "థెల్మా అండ్ లూయీస్" మరోసారి చూశాం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో మొదటిసారి చూసినప్పుడు నా మనసులో మిగిలినవి తుపాకీ, పేలిపోయిన ట్యాంకరు లారీ, లోయ అంచు దాటి గాలిలో నిలిచిపోయిన ఆ థండర్‌బర్డ్ కారు. ఈసారి అవన్నీ వెనక్కి వెళ్ళి, ఆ ఇద్దరూ ప్రయాణానికి సామాను సర్దుకునే తీరు ముందుకు వచ్చింది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఆర్కన్సా రాష్ట్రంలో లూయీస్ (సూసన్ సరాండన్) ఒక హోటల్లో వడ్డన పని చేస్తుంది. థెల్మా (జీనా డేవిస్) గృహిణి. భర్త డారిల్‌ను అడగనిదే గడప దాటలేని మనిషి. రెండు రోజులు కొండల్లో ఎవరిదో విడిది ఇంట్లో గడిపి వద్దామని ఇద్దరూ బయలుదేరుతారు. దారిలో ఆగిన బారు బయట, కార్లు నిలిపే చోట, హార్లన్ అనేవాడు థెల్మా మీద అత్యాచారానికి తెగబడతాడు. థెల్మా ఇంటి నుంచి తెచ్చిన తుపాకీ చూపించి లూయీస్ ఆమెను విడిపిస్తుంది. వెళ్ళిపోతున్నవాళ్ళను చూసి అతను బూతులు కూస్తాడు, ఆమె కాల్చేస్తుంది. అక్కడి నుంచి మెక్సికో వైపు పరుగు. అయితే టెక్సాస్ నేల మీద మాత్రం అడుగు పెట్టనని లూయీస్ పట్టుబడుతుంది.

ఆడవాళ్ళు తుపాకీ పట్టారు కాబట్టి ఇది స్త్రీవాద చిత్రమని చాలామంది అంటారు. నాకు అలా అనిపించలేదు. బయలుదేరే ముందు థెల్మా ఫ్రిజ్ తెరిచి, గడ్డకట్టిన చాక్లెట్టును ఒక్క ముక్క కొరికి లోపల పెట్టేస్తుంది. మళ్ళీ తలుపు తీసి ఇంకో ముక్క కొరుకుతుంది. తన ఇల్లు, తన ఫ్రిజ్, తన చాక్లెట్టు, అయినా దొంగతిండే. తుపాకీనేమో చచ్చిన బల్లిని ఎత్తినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని సంచీలో పడేస్తుంది. అటు లూయీస్ ప్రతి వస్తువునూ మడత చెడకుండా పెట్టె సర్దుకుని, వంటింట్లో ఒక్క గ్లాసు కూడా కడగకుండా వదలదు. ఒకరు ఎన్నడూ తమంతట తాము ఏదీ నిర్ణయించుకోనివారు, మరొకరు ఏ నిర్ణయమూ ఇతరుల చేతికి ఇవ్వనివారు.

ఈ ఇద్దరూ సినిమా మధ్యలో స్థానాలు మార్చుకుంటారు. దారిలో థెల్మా చేరదీసిన కుర్రవాడు జె.డి. (బ్రాడ్ పిట్) లూయీస్ దాచుకున్న ఆరువేల పైచిలుకు డాలర్లు దొంగిలించి పోయినప్పుడు, అప్పటిదాకా పెద్దక్కలా నడిపించిన లూయీస్ నేల మీద కూలబడి ఏడుస్తుంది. డబ్బు పోవడానికి కారణమైన థెల్మాయే ఆమెను లేపి, సామాను తీసుకుని, కారెక్కించి, తర్వాత దుకాణం దోచి డబ్బు తెస్తుంది. దోపిడీని ఎవరూ సమర్థించనక్కరలేదు. నేనంటున్నది ఆ కూలబడిన క్షణం గురించి: ఒకరు పడిపోతే మరొకరు లేస్తారన్న హామీ ఆ స్నేహంలో ఉంది, డారిల్‌తో పదేళ్ళకు పైగా నడిచిన బంధంలో లేదు. నా దృష్టిలో ఈ సినిమాలోని స్త్రీవాదం అక్కడుంది. మీ అభిప్రాయాలు చెప్పండి.

పాతసినిమా పిచ్చి (శనివారం, రాత్రి 11.05)

మంచి చర్చ మొదలుపెట్టారు. తెర వెనక సంగతులు కొన్ని చెబుతాను. ఈ కథ రాసిన కాలీ ఖూరీకి ఇదే తొలి స్క్రీన్‌ప్లే. ఆమె అప్పట్లో మ్యూజిక్ వీడియోల నిర్మాణంలో పనిచేస్తూ, తక్కువ ఖర్చుతో తానే దర్శకత్వం వహించాలనే ఆలోచనతో దీన్ని రాసుకుంది. 1992 ఆస్కార్లలో ఆరు నామినేషన్లు వస్తే, గెలిచింది ఆ స్క్రీన్‌ప్లే ఒక్కటే. ఉత్తమ నటి విభాగంలో ఇద్దరు నాయికలూ ఒకరికొకరు పోటీగా నిలబడి ఇద్దరూ ఓడిపోయారు. ఒకరిని నాయికగా, మరొకరిని సహాయనటిగా చూపి పోటీకి పంపే తెలివితేటలు అక్కడ పనికిరాలేదంటే, పాత్రలు అంత సమానంగా ఉన్నాయన్నమాట.

విడుదలైనప్పుడు జరిగిన రభస తక్కువది కాదు. మగవాళ్ళను ద్వేషించే సినిమా అని కొందరు, ఆడవాళ్ళకు హింస నేర్పుతోందని కొందరు దుమ్మెత్తిపోశారు. 1991 జూన్‌లో టైమ్ పత్రిక ఆ ఇద్దరు నటీమణులనూ ముఖచిత్రంగా వేసి, ఈ సినిమా జనాన్ని ఎందుకింత కదిలిస్తోందో కథనం ప్రచురించింది.

ఒక తమాషా గమనించండి. అదే 1991లో మనకు "క్షణక్షణం" వచ్చింది. పోలీసులూ దుండగులూ తరుముతుండగా ఒక అమ్మాయి ఊరు విడిచి పరుగెత్తే కథే అది కూడా. శ్రీదేవి నటన గురించి నేను కొత్తగా చెప్పేదేముంది. కానీ ఆ పరుగులో ఆమె పక్కన ఉన్నది వెంకటేష్. 2008 నాటి "గమ్యం"లో బండి మీద ఇద్దరు మగవాళ్ళు స్నేహితులవుతూ ప్రయాణిస్తారు, ఆడపిల్ల ఆ ప్రయాణానికి గమ్యంగా మిగులుతుంది. మన తెర మీద దారి సాధారణంగా మగవాడి సొత్తు. ఆడమనిషి ఆ దారిలో కనబడితే వెనక సీట్లోనే.

ఉక్కునగరం (ఆదివారం, ఉదయం 6.40)

రాత్రి మీ చర్చ చదివి, మా ఆవిడతో కలిసి సినిమా పెట్టుకున్నాను. ఉదయం షిఫ్టు ఉందని సగంలోనే ఆపేశాం, కానీ ఇంతకుముందు ఒకసారి పూర్తిగా చూసినవాణ్ణే కాబట్టి నా అభ్యంతరాలు చెబుతాను.

మొదటిది, ఇందులో మగవాళ్ళంతా ఏదో ఒక రకం పనికిమాలినవాళ్ళే. భర్త మూర్ఖుడు, బారులో కలిసినవాడు దుర్మార్గుడు, కుర్రవాడు దొంగ, లారీ డ్రైవరు వెకిలివాడు. ఇదే పని తిరగేసి, ఆడపాత్రలన్నిటినీ ఇలా రాస్తే మీరు ఊరుకుంటారా? రెండవది, చివరికి ఇద్దరూ చచ్చిపోతారు. చావును విముక్తి అనడం నాకు మింగుడుపడదు. ఆ ఇద్దరి స్నేహం ఒకరినొకరు లోయలోకి తీసుకుపోయిందే తప్ప ఒడ్డుకు చేర్చలేదు. కోపం తెచ్చుకోకండి, తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

గాలికొండ మలుపు (ఆదివారం, ఉదయం 9.15)

ముగింపు చెప్పేశారేమిటండీ! నేనింకా చూడనేలేదు.

పాతసినిమా పిచ్చి (ఆదివారం, ఉదయం 9.30)

ముప్ఫై ఏళ్ళు దాటింది కదా, క్షమించాలి. అయినా ముగింపు తెలిసినంత మాత్రాన పాడైపోయే సినిమా కాదిది.

వాది ప్రతివాది (ఆదివారం, ఉదయం 11.50)

న్యాయవాదిగా నన్ను పట్టి ఆపేది హత్య తర్వాతి సంభాషణ. పోలీసుల దగ్గరకు వెళ్దామని థెల్మా అంటే, నువ్వు అతనితో ఒళ్ళు ఒళ్ళు ఆనించి నాట్యం చేయడం బారులో అందరూ చూశారు, మన మాట ఎవరు నమ్ముతారని లూయీస్ అడుగుతుంది. ఇది అమెరికా సంగతి అనుకుంటే పొరపాటు. మన సాక్ష్యాధారాల చట్టంలో 155వ సెక్షన్ నాలుగవ క్లాజు ఉండేది. అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడి మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యం విలువ తగ్గించడానికి అది ముద్దాయి పక్షానికి అవకాశం ఇచ్చేది. 1872 నాటి ఆ క్లాజు తొలగిపోయింది 2002 చివర్లో. అంటే ఈ సినిమా వచ్చిన పదకొండేళ్ళకు పైగా గడిచాక. పోలీసు స్టేషన్లో అత్యాచారానికి గురైన మధుర అనే ఆదివాసీ అమ్మాయి కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను విడుదల చేసినప్పుడు దేశమంతటా ఆందోళన రేగి, 1983లో చట్టం మారిన సంగతి చాలామందికి తెలిసిందే. లూయీస్ భయం గాలిలోంచి పుట్టింది కాదు.

ఇక హత్య విషయం. ఇదే ఘటన మన దగ్గర జరిగి ఉంటే ఏమయ్యేదని నా జూనియర్లను అప్పుడప్పుడు అడుగుతుంటాను. అత్యాచారం చేసే ఉద్దేశంతో దాడి జరుగుతుంటే ఆత్మరక్షణ హక్కు దాడి చేసినవాణ్ణి చంపేదాకా పోవచ్చునని శిక్షాస్మృతి 100వ సెక్షన్ చెప్పేది. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహితలో 38వ సెక్షన్. ఆ హక్కు మన ఒంటికే పరిమితం కాదు, పక్కవారి శరీరాన్ని కాపాడటానికీ వర్తిస్తుంది. కాబట్టి హార్లన్ థెల్మాను పట్టుకుని ఉన్నప్పుడు లూయీస్ కాల్చి ఉంటే కేసు వేరేగా ఉండేది. కానీ అపాయం తొలగిన క్షణమే ఆ హక్కూ ముగుస్తుంది. అతను వదిలేశాక, కేవలం మాట అన్నందుకు ఆమె కాల్చింది. ఇక మిగిలేది తీవ్రమైన, ఆకస్మికమైన ప్రకోపం అన్న వాదన ఒక్కటే.

కాలీ ఖూరీ గొప్పతనం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఒక్క నిమిషం ముందు కాల్పించి ఉంటే లూయీస్ మచ్చలేని నాయిక అయిపోయేది. అలా చేయలేదు. తప్పు చేసిన మనిషితో కూడా స్నేహం నిలబడుతుందా అన్న ప్రశ్నను మన ముందు పెట్టింది.

మద్దిలపాలెం స్కూటరు (ఆదివారం, మధ్యాహ్నం 3.10)

ఉక్కునగరం గారూ, మీ మొదటి అభ్యంతరానికి నా జవాబు. డిటెక్టివ్ హాల్ (హార్వీ కైటెల్) ఆ ఇద్దరినీ ప్రాణాలతో కాపాడాలని చివరిదాకా తాపత్రయపడతాడు, ఆఖరి క్షణంలో కారు వెనక పరుగెడతాడు కూడా. లూయీస్ ప్రియుడు జిమ్మీ, ఆమె కారణం చెప్పకపోయినా డబ్బు తెచ్చి ఇస్తాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఒక మంచి పోలీసు ఉన్నంత మాత్రాన, అతని వెనక వరుసగా నిలబడిన ఇరవై తుపాకులు దిగిపోవని సినిమా చెబుతోంది. అది మగద్వేషం ఎలా అవుతుంది?

ఇక దారి ఎవరి సొత్తు అన్న మాటకు నా అనుభవం ఒకటి. మూడేళ్ళ కిందట డిసెంబరులో నేనూ, నాతో పనిచేసే స్నేహితురాలూ ఒకే స్కూటరు మీద అరకు వెళ్ళాం. తనకు ముప్ఫై ఆరు, నాకు ముప్ఫై నాలుగు. తెల్లవారుజామున ఐదు గంటలకు బయలుదేరి, పెందుర్తి, కొత్తవలస దాటి, ఎస్.కోటలో ఇడ్లీ తిని ఘాట్‌రోడ్డు ఎక్కాం. మలుపుల దగ్గర నాకు చేతులు వణికాయి. తను ఏమీ అనలేదు. "దిగు, కాసేపు నేను తోలతాను" అని మాత్రం అని, అనంతగిరి దాకా తీసుకుపోయింది.

అరకులో మొదట వెళ్ళిన లాడ్జిలో గుమాస్తా మా ఆధార్ కార్డులు ముందూ వెనకా తిప్పి చూసి, "మీతో మగవాళ్ళెవరూ రాలేదా?" అని మూడుసార్లు అడిగాడు. రాలేదంటే, ఇంట్లో పెద్దవాళ్ళ నంబరు ఇవ్వండి, మాట్లాడతానన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నా స్నేహితురాలు తాపీగా తన అత్తగారి నంబరు ఇచ్చింది. ఆవిడ ఫోనులో అన్న మాటలు కౌంటరు ఇవతల నిలబడిన మాకూ వినిపించాయి: "ఆ చలిలో పిల్లల్ని నిలబెట్టి నాతో కబుర్లేమిటి బాబూ, తాళం ఇచ్చేయ్!" ఆ పెద్దావిడ కోడలితో రోజూ ఏదో ఒకటి తగవు పడే మనిషే.

మర్నాడు తిరుగు దారిలో టీ తాగుదామని ఆగినప్పుడు తన పిక్క సైలెన్సరుకు ఆనుకుని చర్మం ఊడిపోయింది. టీ కొట్టు ఆవిడ కాలు మీద చెంబులతో నీళ్ళు పోస్తుంటే తను పళ్ళ బిగువున కూర్చుంది. అక్కడి నుంచి ఘాట్ దిగేదాకా బండి నడిపింది నేనే. ముందు రోజు నా చేతులు వణికిన మలుపులే అవి. వెనక తను కాలు చాపుకుని, నొప్పి మరిచిపోవడానికి పాత పాటలు పాడుతూ కూర్చుంది. ఆ సినిమాలో స్టీరింగు చేతులు మారినప్పుడల్లా నాకు ఆ దారి గుర్తొస్తుంది.

కంచరపాలెం మెట్టు (ఆదివారం, సాయంత్రం 5.45)

అన్నీ బాగున్నాయి గానీ నాదొక సందేహం. ఇద్దరు వ్యక్తులు పారిపోతే స్త్రీవాదమా? మన రాష్ట్రంలో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు పారిపోలేదు. పెద్దలకు చదువు నేర్పే రాత్రి బడిలో సారా గురించి పాఠం విని, ఉన్న ఊళ్ళోనే నిలబడి కొట్లు మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. ఆ నిషేధం ఎన్నాళ్ళు నిలిచిందన్నది వేరే విషయం. హాలీవుడ్ ఎప్పుడూ ఇద్దరు అందగత్తెలను కారులో కూర్చోబెట్టి సమాజాన్ని పక్కన పెడుతుంది.

సిరిపురం చదువరి (ఆదివారం, సాయంత్రం 6.20)

కంచరపాలెం గారూ, మీ మాట కొట్టిపారేయలేను. అయితే దూబగుంట మహిళలు కూడా ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు కదా. రాత్రి బడిలో పక్కపక్కన కూర్చోకపోతే నా మొగుడూ నీ మొగుడూ ఒకలాగే తాగి కొడుతున్నారన్న సంగతి తేలేదా? థెల్మాకు దొరికిన రాత్రి బడి ఆ కారు.

అక్కయ్యపాలెం పంతులమ్మ (ఆదివారం, రాత్రి 8.30)

నేను కళాశాలలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి విరమించినదాన్ని. అందరి మాటలూ చదివాను. టెక్సాస్ గురించి ఎవరూ తిన్నగా మాట్లాడకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది, ఎందుకంటే నా లెక్కలో సినిమా మొత్తానికీ మూలకందం అదే.

టెక్సాస్‌లో లూయీస్‌కు ఏం జరిగిందో సినిమా చెప్పదు. పాత జ్ఞాపకాల దృశ్యం లేదు, ఏడుపు లేదు, వివరణ లేదు. మ్యాప్‌లో ఆ రాష్ట్రం చుట్టూ తిరిగి పోదామన్న ఒక్క మొండితనంలోంచి మనమే గ్రహించాలి. థెల్మా ఒకచోట గ్రహిస్తుంది. నీకూ అదే జరిగింది కదూ అని అడుగుతుంది. లూయీస్ బిగుసుకుపోయి, ఆ మాట ఇంక ఎత్తవద్దని కచ్చితంగా అంటుంది. థెల్మా అంతటితో ఊరుకుంటుంది. నిజమేనా, ఎవరు, ఎప్పుడు అన్న ఒక్క ప్రశ్న కూడా తర్వాత వేయదు. చట్టం అడిగేవన్నీ ఆ ప్రశ్నలే. స్నేహితురాలికి వాటి జవాబులతో పని లేకపోయింది. లూయీస్ ఆ బారు బయట ఎందుకు కాల్చిందో కూడా థెల్మాకు ఆ క్షణాన అర్థమై ఉంటుంది. వకీలుగారు చెప్పిన ప్రకోపం ఆ ఒక్క బూతుమాటతో పుట్టింది కాదు, ఏళ్ళ తరబడి లోపల కుతకుతలాడినది.

మన సాహిత్యంలో దీనికి దగ్గరి చుట్టం ఓల్గా రాసిన "విముక్త" కథలు. 2015లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన పుస్తకం. అందులో సీతకు శూర్పణఖ, అహల్య, రేణుక ఎదురవుతారు. ఒకప్పుడు తన కారణంగా ముక్కుచెవులు కోయించుకున్న శూర్పణఖ దగ్గర సీత కూర్చుని మాట్లాడే కథను తరగతిలో చెప్పినప్పుడు, ఆడపిల్లలు ఎంత నిశ్శబ్దంగా వినేవారో నాకు ఇప్పటికీ గుర్తు.

మన ఇళ్ళలో పెళ్ళయ్యాక ఆడదానికి స్నేహితురాళ్ళు ఎలా వస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? భర్త స్నేహితుల భార్యలే ఆవిడకు స్నేహితురాళ్ళవుతారు. బదిలీ అయితే వాళ్ళూ మారిపోతారు. ఏ.వి.ఎన్. కాలేజీ దిగువన మేము అద్దెకున్న రోజుల్లో నాకొక ప్రాణస్నేహితురాలు ఉండేది. ఇద్దరం భీమిలి బస్సెక్కి, లైట్‌హౌస్ దగ్గర వేయించిన వేరుశనక్కాయలు తింటూ సాయంత్రం దాకా గడిపి వచ్చేవాళ్ళం. పెళ్ళయి తను వెళ్ళిపోయాక ఏడాదిపాటు ఉత్తరాలు నడిచాయి. తర్వాత ఆ ఉత్తరాలు ఇంట్లో అందరూ చదువుతున్నారని ఒక కార్డు ముక్క మీద సూచనగా రాసింది. "ఇక్కడ అందరూ క్షేమం, నీ ఉత్తరాలంటే అందరికీ ఇష్టం" అన్న ఆ "అందరికీ" కింద చిన్న గీత. అంతే. నాకు అర్థమైంది, మానేశాను. కాబట్టి, నాయనా ఉక్కునగరం, స్నేహం వాళ్ళను లోయలోకి తోసిందని నువ్వంటే నేను ఒప్పుకోను. ఆ స్నేహం బతకడానికి ఊళ్ళో చోటు లేకపోయింది.

అలాగని ఆ ముగింపును నేను నెత్తిన పెట్టుకోను. చావును అందంగా చూపించడం మీద నాకూ అభ్యంతరం ఉంది, పిల్లలకు చూపించేటప్పుడు ఆ మాట చెప్పి మరీ చూపించేదాన్ని.

పాతసినిమా పిచ్చి (ఆదివారం, రాత్రి 9.10)

అమ్మా, ముగింపు గురించి ఒక చిన్న సంగతి. కారు లోయలోకి పడిపోతున్నట్టు చూపే ముగింపు కూడా తీశారు, కానీ విడుదలైన ప్రతిలో దాన్ని ఉంచలేదు. కారు గాలిలో ఉండగానే బొమ్మ నిలిచిపోయి, తెర తెల్లబడి, వెంటనే ప్రయాణంలో వాళ్ళు నవ్వుకున్న క్షణాలు వస్తాయి. కథలో అది గ్రాండ్ కాన్యన్, చిత్రీకరణ మాత్రం యూటా రాష్ట్రంలోని డెడ్ హార్స్ పాయింట్ పరిసరాల్లో. ఆ కారు దూకబోయే ముందు వెనక సీటు మీది నుంచి ఒక ఫోటో గాలికి ఎగిరిపోతుంది. బయలుదేరేటప్పుడు లూయీస్ పోలరాయిడ్ కెమెరాను చేతితో ఎత్తి పట్టుకుని ఇద్దరికీ కలిపి తీసుకున్నదే అది. ఎవరినీ తీయమని అడగలేదు చూడండి.

ఉక్కునగరం (సోమవారం, రాత్రి 9.55)

పంతులమ్మగారూ, చోటు లేకపోవడం అన్న మాట నన్ను ఆలోచనలో పడేసింది. ముగింపు మీద నా అభ్యంతరం అలాగే ఉంది, మీకూ కొంత ఉందన్నారు కాబట్టి ధైర్యంగానే చెబుతున్నాను. మగపాత్రల విషయంలో మాత్రం హాల్‌ను మరిచిపోవడం నా పొరపాటే.

ఈ రోజు భోజనాలయ్యాక మా ఆవిడా నేనూ మిగతా సగం చూశాం. థెల్మా ఇంటికి ఫోను చేసే దృశ్యం ఒకటుంది కదా. పోలీసులు పక్కన కూర్చుని వింటుంటారు. ఎన్నడూ లేనిది డారిల్ ఎంతో ప్రేమగా "హలో" అంటాడు. థెల్మా ఠక్కున ఫోను పెట్టేసి, వాడికి తెలిసిపోయింది అంటుంది. నేను గట్టిగా నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు. కాసేపటికి, "మీరు అలా పలికినా నేను పెట్టేసేదాన్నే" అంది.

సినిమా అయ్యాక ఫోను తీసుకుని డాబా మీదికి వెళ్ళింది. విజయనగరంలో తనతో డిగ్రీ చదివిన ఒకావిడ ఉంది. గంట దాటింది, ఇంకా దిగి రాలేదు.